హంతకుడెవరో తెలిశాక మొదలుపెట్టిన నవల

అపరాధ పరిశోధన నవలలనూ థ్రిల్లర్లనూ కాలేజీ రోజుల నుంచి విడవకుండా చదువుతూ వస్తున్న నాకు, ఇన్నేళ్లకు వాటి విషయంలో మిగిలిన కొలత ఒక్కటే: హంతకుడెవరో తెలిసిపోయాక కూడా చదివించగలగాలి. ఈ కొలతతో చూస్తే, ఒకప్పుడు తెల్లవార్లూ మేల్కొని చదివిన పుస్తకాలలో చాలా భాగం నిలబడడం లేదు. నిలబడిన వాటిలో మొదటిది అగాథా క్రిస్టీ 1926లో వెలువరించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’. దాని గుట్టు ఇక్కడ పూర్తిగా విప్పుతున్నాను కనుక, ఆ నవల చదవనివారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

గుంటూరు బ్రాడీపేటలో ఒక అద్దె పుస్తకాల కొట్లో నాకు దొరికిన ప్రతిలో, అంతకుముందు చదివిన మహానుభావుడెవరో మొదటి అధ్యాయంలోనే డాక్టర్ షెపర్డ్ పేరు కింద నీలం సిరాతో గీత గీసి, పక్కన ఖాళీలో ‘హంతకుడు వీడే’ అని రాసిపెట్టాడు. అద్దె కట్టేశాను, బయట వాన పడుతోంది, ఇంట్లో చదవని పుస్తకం మరొకటి లేదు. తిట్టుకుంటూనే మొదలుపెట్టాను. కథ చెబుతున్నది ఆ డాక్టరే అని తెలిసేసరికి కోపం పోయి కుతూహలం మొదలైంది. హత్య చేసినవాడే కథ చెబుతూ, ఆ హత్యను ఎక్కడ దాస్తాడు?

దాచిన చోటు నాలుగో అధ్యాయం చివర దొరికింది. డాక్టరు గుట్టు బయటపెట్టే ఉత్తరం ఒకటి, ఆ రాత్రి హత్యకు గురయ్యే అక్రాయిడ్‌కు వస్తుంది. ఉత్తరం తొమ్మిదికి ఇరవై నిమిషాలు ఉందనగా అక్రాయిడ్‌కు అందింది. తాను అతన్ని విడిచి వచ్చేటప్పటికి తొమ్మిదికి పది నిమిషాలు ఉంది, ఉత్తరం ఇంకా చదవకుండానే ఉంది. తలుపు పిడి మీద చెయ్యి వేసి, చేయవలసినదేదైనా మిగిలిపోయిందా అని వెనక్కి చూశాను, అంటాడు డాక్టరు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఆ పది నిమిషాలు, వాటి గురించి ఒక్క మాటా చెప్పకపోవడం. తరవాత శవం బయటపడినప్పుడు, బట్లరును పోలీసులకు ఫోన్ చేయమని పంపి, ‘చేయవలసిన ఆ కాస్త పనీ చేశాను’ అంటాడు. మామూలు పాఠకుడు అది వైద్యుడి ధర్మమనుకుని దాటిపోతాడు. హంతకుడని తెలిసిన నాకు కూడా ఆ పని ఏమిటో చివరి అధ్యాయం దాకా అంతుపట్టలేదు: అక్రాయిడ్ ఇంకా బతికే ఉన్నాడనిపించేలా అతని గొంతు వినిపించిన, బల్ల మీది డిక్టాఫోన్‌ను (మాటలను రికార్డు చేసి తిరిగి వినిపించే యంత్రం) సంచిలో వేసుకోవడం, దాన్ని కనబడకుండా అడ్డం జరిపిన కుర్చీని మళ్లీ గోడ దగ్గరకు నెట్టడం. కుర్చీ జరిగిందన్న సంగతిని బట్లరు ముందే చెప్పాడు, నేనూ చదివాను. అక్రాయిడ్‌ను ఎవరు చంపితే ఎవరికి కావాలి అన్న ధోరణిలో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1945లో ఒక వ్యాసానికి పేరే పెట్టాడు. ఎవరు చంపారో ముందే తెలిసి చదివినవాడిగా ఆ ప్రశ్న నన్ను పెద్దగా బాధించలేదు.

మళ్లీ మళ్లీ చదివిన మీదట కొన్ని చోట్ల ఉత్సాహం తగ్గిన మాట నిజం. ఆ కాలపు డిక్టాఫోన్ పలికిన మాటలను తలుపు అవతలి నుంచి విని, యజమాని ఎవరితోనో మాట్లాడుతున్నాడని సెక్రటరీ నమ్మడం కొంచెం సదుపాయంగానే కుదిరింది. మధ్యభాగంలో ఇంట్లోవాళ్ల చిన్న చిన్న రహస్యాలను వరుసగా విప్పుకుంటూ పోయే పేజీలను ఇప్పుడు వేగంగానే తిప్పేస్తాను.

అయినా అక్కడ పాఠకుడికి మోసం జరగలేదు. నా కడుపుమంటంతా డిటెక్టివ్ నేల మీద నుంచి ఏదో తీసి, పరీక్షగా చూసి, చిరునవ్వుతో జేబులో వేసుకునే నవలల మీద. ఆ తీసినది ఏమిటో అతనికి తెలుసు, రచయితకు తెలుసు, డబ్బిచ్చి కొనుక్కున్న మనకు మాత్రం ఆఖరి పేజీలలో చెబుతారు. మన వారపత్రికల సీరియళ్లలో పుట్టిన థ్రిల్లర్లది మరో తీరు: వారం చివర కథానాయిక వెనక ఒక నీడ కదులుతుంది, మరుసటి వారం ఆ నీడ కాఫీ తెచ్చిన పనిమనిషిదని తేలుతుంది. పత్రిక కోసం ఎదురుచూసిన రోజుల్లో ఆ ఉత్కంఠను నేనే అందరి దగ్గరా పొగిడాను, వారానికి ఒక భాగంగా చదివేవారికి అది సరిపోయేది కూడా. అదే కథ పుస్తకంగా కుట్టించాక, పేజీ తిప్పగానే కాఫీ ప్రత్యక్షమవుతుంటే, మూడో నీడకు ఎవరూ ఉలిక్కిపడరు.

ఇదంతా తీరిక ఉండి, చదివిన పుస్తకాన్నే మళ్లీ తెరిచే అలవాటున్న మనిషి చెబుతున్న మాట. విశాఖ నుంచి సికింద్రాబాదుకు రాత్రి రైలెక్కి, తెల్లవారేసరికి పుస్తకాన్ని బెర్తు మీదే వదిలేసి దిగిపోయేవారికి నా కొలత పనికిరాదు. వారికి అధ్యాయానికొక నీడ ఉన్న థ్రిల్లరే మేలు. ప్రయాణాలలో నేనూ అవే కొంటాను.