స్కీయింగ్ వేగానికి లెక్క కట్టాలంటే భౌతికశాస్త్రమా, శరీరధర్మశాస్త్రమా: ఏది మేలు?

క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో, అంటే ఎక్కుళ్లు, దిగుళ్లు, చదును కలిసిన మంచు మార్గంలో స్కీలపై సాగే పోటీలో, ఒక క్రీడాకారుడు ఫలానా మార్గాన్ని ఎంతసేపట్లో ముగిస్తాడో అంచనా కట్టడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి, గురుత్వాకర్షణను, మంచు మీద స్కీల ఘర్షణను, గాలి నిరోధాన్ని దాటడానికి మార్గంలో ప్రతి చోటా ఎంత సామర్థ్యం (వాట్లలో కొలిచే పవర్) కావాలో లెక్కించే భౌతిక నమూనా. రెండవది, ప్రయోగశాలలో కొలిచిన గరిష్ఠ ఆక్సిజన్ వినియోగాన్ని, లాక్టేట్ (తీవ్ర శ్రమలో రక్తంలో పెరిగే పదార్థం) స్థాయిని పాత పోటీల ఫలితాలతో జోడించి సూత్రం రాబట్టే శారీరక నమూనా.

మొదటిదాని బలం అంకెల్లోనే తెలుస్తుంది. సామగ్రితో కలిపి 80 కిలోలు తూగే స్కీయర్, ఘర్షణ గుణకం (బరువులో ఎంత భాగం ఘర్షణగా అడ్డుకుంటుందో చెప్పే అంకె) 0.03 ఉన్న మంచు మీద, 10 శాతం ఎత్తు పెరిగే వాలును సెకనుకు 3.5 మీటర్ల వేగంతో ఎక్కుతున్నాడనుకుంటే, అతనికి సుమారు 370 వాట్లు కావాలి. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు గురుత్వాకర్షణకే పోతాయి. గాలి వాటా 5 శాతం కూడా ఉండదు. అదే మనిషి చదునైన నేల మీద సెకనుకు 7 మీటర్ల వేగంతో వెళితే గాలి, ఘర్షణ ఇంచుమించు చెరిసగం పంచుకుంటాయి. అందుకే స్కీల అడుగున పూసే మైనం మార్చి ఘర్షణ గుణకాన్ని 0.025కు తగ్గిస్తే చదునులో 9 శాతం ఆదా అవుతుంది, ఎక్కేటప్పుడు 4 శాతంలోపే. స్కీలు, మైనం, వంగి జారే భంగిమ వంటి ప్రశ్నలకు ఈ పద్ధతికి సాటి లేదు.

అయితే ఆ 370 వాట్లు ఎక్కడి నుంచి వస్తాయో అది చెప్పదు. దక్షత, అంటే శరీరం ఖర్చు చేసే శక్తిలో కదలికగా మారే వాటా, 18 శాతమనుకుంటే, 75 కిలోల శరీరం నిమిషానికి కిలోకు 79 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోవాలి, అంటే అగ్రశ్రేణి స్కీయర్ల గరిష్ఠ స్థాయికి దగ్గరగా. వేగం మరో అర మీటరు పెంచితే అవసరం 92కు చేరుతుంది. గరిష్ఠం 80 మాత్రమే ఉన్నవాడికి ఆ లోటును ఆక్సిజన్ లేకుండా పుట్టే శక్తి పూడ్చాలి; ఆ నిల్వ చిన్నది, దిగుడులో కొంత తిరిగి నిండుతుంది. పోటీ సమయంలో దాదాపు సగం ఎక్కుళ్లలోనే గడుస్తుంది కాబట్టి, సామర్థ్యం అంతటా ఒకేలా ఉంటుందనుకునే నమూనా సరిగ్గా ఫలితం తేలే చోటనే తప్పుతుంది.

శారీరక నమూనాకు ఈ సంగతి తెలుసు గాని మార్గం తెలియదు. వేర్వేరు స్థాయిల యువ క్రీడాకారుల్లో ఎవరు ముందుంటారో అది బాగానే చెబుతుంది. అగ్రశ్రేణివారంతా ఒకే శిఖరం దగ్గర ఉన్నప్పుడు మాత్రం వారిని విడదీయలేదు. పైగా ఆక్సిజన్‌ను కిలోల లెక్కన భాగించినప్పుడు, దిగుడులోను చదునులోను బరువైనవాడికి దక్కే లాభం కనుమరుగవుతుంది.

కాబట్టి పరికరాల ఎంపికకు భౌతిక నమూనాను, యువకుల ఎంపికకు శారీరక నమూనాను తీసుకుంటాను. ఎక్కడ ఎంత బలం పెట్టాలన్న ప్రశ్నకు భౌతిక చట్రంలో ఖర్చయి మళ్లీ నిండే శక్తి నిల్వను చేర్చిన మిశ్రమ నమూనా తప్ప మరొకటి చాలదు. దానిలోనూ నాకు నమ్మకం తక్కువైన అంకె దక్షతే: వాలును బట్టి, స్కేటింగా (స్కీలను పక్కలకు తోస్తూ సాగే శైలి) క్లాసికలా (స్కీలను సమాంతరంగా ముందుకు జరిపే శైలి) అన్నదాన్ని బట్టి అది మారుతుంది, చక్రాల స్కీల మీద కొలిచినది మంచు మీద అలాగే ఉండదు. 18ని 17 చేస్తే పై 79 కాస్తా 84 అవుతుంది. ఆ తేడా అదే ఎక్కుడులో మైనం మార్చి సాధించిన ఆదా కంటే ఎక్కువ.