ఎగుడుదిగుడు సెల్లార్‌లో చెక్క నేల: కొన్నేళ్ల వాడకం తరువాత

మా సెల్లార్‌లోని ఒక గదిని చదువుకునే గదిగా మార్చి, కాంక్రీటు నేల మీద టేకు పలకలు వేయించాము. అప్పటి నుంచి ఎన్నో వానాకాలాలు గడిచినా పలకల అంచులు లేవలేదు, అడుగున చెద పట్టలేదు. ఆ ఫలితానికి పలకల నాణ్యత కంటే వాటి కిందనున్న ఏర్పాటే కారణమని నా నమ్మకం.

ఆ నేల ఒక గోడ నుంచి ఎదుటి గోడకు దాదాపు అంగుళంన్నర వాలుగా ఉండేది. నడుమ అక్కడక్కడ గడ్డలు కూడా ఉండేవి. మొత్తం మీద లెవలింగ్ కాంపౌండ్ పోసి మట్టం చేయడం అందరూ చెప్పే మార్గం. నేలకు బిగించకుండా పరిచే లామినేట్‌కైతే అది సరైనదే, ఎందుకంటే 2 మీటర్ల పొడవులో 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే దాని అతుకులు కదిలి విడిపోతాయి. అయితే సెల్లార్ నేలకు వాలు ఇచ్చేది నీరు మూలనున్న గుంటలోకి చేరడానికే కనుక, దాన్ని పూడ్చడం నాకు సమ్మతం కాలేదు. గడ్డలను మాత్రం గ్రైండింగ్ చేయించి, 200 మైక్రాన్ల పాలిథిన్ పరిచి, వాలు దిశగానే 16 అంగుళాల ఎడంతో రీపర్లు (పలకలను మోసే చెక్క బద్దలు) వేయించి, వాటి కింద గట్టి ప్లాస్టిక్ ముక్కలు పెట్టి రసమట్టంతో సరిచూసి బిగించారు. చెక్క ముక్కలు పెడితే చెమ్మకు మెత్తబడతాయి.

వీటన్నిటి కంటే ముందు చేయవలసింది చెమ్మ పరీక్ష. అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో నేలకు అతికించి కనీసం 16 గంటలు ఉంచాలి. తీసినప్పుడు అడుగున తడి కనిపించినా, గచ్చు రంగు ముదిరినా పలకల ఆలోచన మానుకుని ముందు ఊట సంగతి చూడాలి. హైదరాబాదులో చాలాచోట్ల కొద్ది లోతులోనే గ్రానైట్ బండ తగులుతుంది కాబట్టి వాననీరు త్వరగా కిందికి ఇంకక పునాదుల చుట్టూ నిలుస్తుంది. అందువల్ల ఏప్రిల్‌లో పొడిగా తేలిన నేలను నమ్మకుండా, ఆగస్టులో మరోసారి పరీక్షించాలి. 2020 అక్టోబరు వానలకు నగరంలో మునిగిన సెల్లార్లను చూసినవారికి ఈ జాగ్రత్త అతిగా అనిపించదు.

చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. గోడల పక్కన వదిలిన 12 మిల్లీమీటర్ల ఖాళీ స్కర్టింగ్ చాటున కనిపించదు కానీ, వానాకాలంలో పలకలకు ఆ చోటు అవసరమవుతుంది. మే నెలలో పలకల మధ్య సన్నని సందులు తేలుతాయి, వానలు పడగానే మూసుకుంటాయి. వాటిలో పుట్టీ నింపకపోవడమే మంచిది.

లోపాలూ ఉన్నాయి. నడిచేటప్పుడు బోలు చప్పుడు వస్తుంది. రీపర్లపై రబ్బరు పట్టీలు వేసినా పూర్తిగా పోలేదు. పైకప్పు ఎత్తు సుమారు మూడున్నర అంగుళాలు తగ్గింది, తలుపు కింద కోయవలసి వచ్చింది. మెట్లలో చివరిది మిగతావాటి కంటే పొట్టిదైపోయింది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది నిజమైన ప్రమాదం కనుక, పని మొదలుపెట్టకముందే మేస్త్రీతో మెట్ల ఎత్తు సరిచేయించుకోవాలి.

గుంట పైనున్న పలకలను మేకులతో కాక స్క్రూలతో బిగించమని వడ్రంగిని ప్రత్యేకంగా కోరాను. ఏటా జూన్‌కు ముందు వాటిని విప్పి, టార్చి వేసి, రీపర్ల వెంట చెదల మట్టి గీతలేమైనా ఉన్నాయేమో చూసి మళ్లీ బిగిస్తున్నాము.