‘లోపల మావాళ్లున్నారు’ అనే పీసీసీ ఏజెంట్లతో జాగ్రత్త

విదేశీ ఉద్యోగానికో శాశ్వత నివాసానికో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ, అంటే నేరచరిత్ర లేదని పోలీసులిచ్చే పత్రం) కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఒక ఏజెంటు నా దగ్గర డబ్బు తీసుకుని నకిలీ సర్టిఫికెట్ అంటగట్టాడు. దాన్ని నివాస దరఖాస్తుకు జతచేసి పంపాల్సిన ముందు రోజు సంగతి బయటపడింది. ఇంకొక్క రోజు గడిచి ఉంటే, ఒక ప్రభుత్వానికి దొంగ పత్రం సమర్పించిన మనిషిగా నా పేరు రికార్డులకు ఎక్కేది. ఏజెంటు పేరు ఎక్కడా ఉండేది కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను నర్సును. ఇప్పుడున్న దేశానికి రాకముందు మరో దేశంలో మూడేళ్లు పనిచేశాను. శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునేటప్పుడు ఆ పాత దేశం పీసీసీ కూడా కావాలన్నారు. చాలామంది పొరబడేది ఇక్కడే. సొంత దేశానిది ఒక్కటి ఉంటే చాలనుకుంటారు. కెనడా అయితే గత పదేళ్లలో ఏ దేశంలోనైనా వరుసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్నవాళ్లను అక్కడి పత్రం అడుగుతుంది. ఆస్ట్రేలియా వరుస చూడదు, గత పదేళ్లలో ఒక దేశంలో విడతలవారీగా ఉన్నదంతా కలిపి పన్నెండు నెలలైతే అడుగుతుంది. వదిలివచ్చిన దేశంలో మనకిప్పుడు ఇల్లు లేదు, ఫోన్ నంబరు లేదు, వెళ్లి అడిగేవాళ్లు లేరు. ఆ నిస్సహాయత మీదే ఈ దొంగ వ్యాపారం బతుకుతోంది.

రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, నిద్ర మత్తులోనే ఆ దేశం పేరు, ‘పోలీస్ క్లియరెన్స్’ అనే మాటలు కలిపి ఫోన్‌లో వెతికాను. అన్నిటికంటే పైన కనిపించిన దాన్ని నొక్కాను. అది ప్రకటన అన్న సంగతి గమనించలేదు. పేజీ తెరిస్తే జెండా రంగులు, పోలీసు చిహ్నంలా కనిపించే డాలు బొమ్మ, ‘అధికారిక సేవా కేంద్రం’ అన్న మాట. ఏ ప్రభుత్వ శాఖ కిందిదో మాత్రం ఎక్కడా లేదు. అట్టడుగున బూడిద రంగు సన్నని అక్షరాల్లో ‘మాది ప్రైవేటు సంస్థ, ప్రభుత్వంతో సంబంధం లేదు’ అని ఉంది. ఆ వాక్యం నేను చదివింది మోసపోయిన తరువాతే.

పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ‘మేడమ్, మీరు ఎక్కడికీ కదలనక్కరలేదు. వేలిముద్రలూ అవసరం లేదు. లోపల మావాళ్లున్నారు, ఐదు పని దినాల్లో మీ చేతిలో పెడతాం’ అన్నాడు. అడిగిన సొమ్ము అసలు ప్రభుత్వ రుసుముకు ఆరింతలని అప్పుడు తెలియదు. పాస్‌పోర్టులో ప్రతి పేజీ ఫొటో, పాత వీసా, తెల్ల కాగితం మీద నా సంతకం వాట్సాప్‌లో పంపమన్నాడు. పంపాను. డబ్బు సంస్థ పేరుతో కాకుండా ఒక వ్యక్తి ఖాతాకు వేయమన్నాడు. ‘కంపెనీ ఖాతా ఆడిటింగ్‌లో ఉంది’ అన్నాడు. వేశాను. మా వారు ఆ ఒక్క చోట ఆగి, ‘వ్యక్తి ఖాతా ఏమిటి?’ అని అడిగారు. గడువు దగ్గర పడిందని నేనే తొందరపెట్టాను.

ఆరో రోజు మళ్లీ ఫోన్. పత్రం సిద్ధంగా ఉంది, కానీ ‘వెరిఫికేషన్ రుసుము’ బాకీ ఉందట. అదీ కట్టాక పీడీఎఫ్ వచ్చింది. నిజం చెప్పాలంటే చూడటానికి చక్కగా ఉంది. నా ఫొటో, పేరు, పాస్‌పోర్టు నంబరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కింద గుండ్రని ముద్ర, పక్కన క్యూఆర్ కోడ్. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆకుపచ్చ టిక్కు గుర్తుతో పేజీ తెరుచుకుని ‘చెల్లుబాటులో ఉన్నది’ అని చూపించింది. ఇంతకంటే ఇంకేం కావాలనిపించింది.

మా వార్డులోనే ఒక తెలుగమ్మాయి పనిచేస్తుంది, నాకంటే చాలా చిన్నది. తనకీ అదే దేశం పత్రం కావాలి. నా పీడీఎఫ్ అడిగి తీసుకుని, విరామంలో కూర్చుని నెమ్మదిగా చదివింది. చదివి, తల ఎత్తి, ‘అక్కా, మీరు వేలిముద్రలు ఎక్కడ ఇచ్చారు?’ అంది. ఇవ్వలేదన్నాను. తను ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. పై వ్యక్తి వేలిముద్రలను తమ రికార్డులతో పోల్చి చూడగా ఎలాంటి నేరచరిత్రా కనిపించలేదని అందులో ఉంది.

ఎవరి వేలిముద్రలు? ఎవరూ నా వేళ్లు తాకనే లేదు. ఆ వాక్యం చూసినప్పుడు కాళ్లలోంచి శక్తంతా కారిపోయినట్టయింది.

అక్కడే కూర్చుని క్యూఆర్ కోడ్ మళ్లీ స్కాన్ చేసి, ఈసారి తెరుచుకున్న పేజీ కాకుండా పైన ఉన్న వెబ్ చిరునామా అక్షరం అక్షరం చదివాం. పోలీసు శాఖ పేరే, మధ్యలో ఒక అడ్డగీత అదనం, చివర ప్రభుత్వ సైట్లకు ఉండే తోక లేదు. అంటే దొంగ పత్రాన్ని పరీక్షించడానికి దొంగ సైటే కట్టిపెట్టుకున్నారు. క్యూఆర్ కోడ్ ఉంటే అసలుదే అనుకోవడం ఇక మానేయండి. కోడ్ మనల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో నిర్ణయించేది దాన్ని అచ్చు వేసినవాడే. అసలు సైటు చిరునామా మీ వేళ్లతో మీరే కొట్టి, అక్కడ పత్రం నంబరు ఇచ్చి చూడండి. నేను అలా చూస్తే ఆ నంబరుతో రికార్డు లేదని వచ్చింది. పోలీసు శాఖకు ఈమెయిల్ రాశాను. మూడు రోజుల్లో రెండు వాక్యాల జవాబు వచ్చింది: ఈ పత్రం మేము జారీ చేయలేదు, వాడవద్దు.

ఏజెంటుకు ఫోన్ చేస్తే మొదట సర్వర్‌లో ఇంకా ఎక్కలేదన్నాడు. పోలీసుల జవాబు చూపిస్తే స్వరం మారింది. ‘మేడమ్, మీరు పెట్టేయండి. వాళ్లు ఇన్ని కాగితాలు ఎక్కడ పరీక్షిస్తారు?’ అన్నాడు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన మాట అదే. వాడికి పోయేదేమీ లేదు.

పోయేది ఎవరికో చూడండి. కెనడా వలస చట్టంలో తప్పుడు సమాచారం, దొంగ పత్రాలు ఇచ్చినవాళ్లకు ఐదేళ్ల నిషేధం ఉంది. ఆస్ట్రేలియాలో బూటకపు పత్రం ఇచ్చి వీసా తిరస్కరణకు గురైతే మూడేళ్ల పాటు దాని నీడ వెంటాడుతుంది. బ్రిటన్‌లో మోసం చేసినట్టు తేలితే పదేళ్లు. అమెరికా చట్టంలో అయితే దీనికి కాలపరిమితే లేదు, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప జీవితాంతం అనర్హతే. ‘నాకు తెలియదు, ఏజెంటు ఇచ్చాడు’ అన్న మాట అక్కడ మనల్ని కాపాడుతుందని ఆశ పెట్టుకోవద్దు. దరఖాస్తు కింద సంతకం మనది. నేరచరిత్ర లేదని నిరూపించుకోవడానికి పోయి, అదే పనిలో మోసం ముద్ర వేయించుకోవడం కంటే ఘోరం ఏముంటుంది?

ఆ తరువాత పద్ధతి ప్రకారం నేనే దరఖాస్తు చేశాను. అప్పుడు తెలిసింది, ఇందులో మూడో మనిషి అవసరమే లేదని. ఆ దేశ పోలీసుల అసలు సైటులో ఫారం ఉంది, వేలిముద్రల కార్డు నమూనా ఉంది. ఇక్కడి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అడిగితే ఒక అధికారి పది వేళ్లూ ఒక్కొక్కటిగా సిరా అద్ది, గోరు అంచు నుంచి అంచు దాకా దొర్లించి ముద్రలు తీశారు. ఎడమ చిటికెన వేలు చెదిరితే కార్డు మార్చి మళ్లీ మొదలుపెట్టారు. ‘ఇది మసకబారితే వాళ్లు తిప్పి పంపుతారు, మీకే నెలలు పోతాయి’ అన్నారు. నర్సుల చేతులు పదేపదే కడిగి అరిగిపోతాయి, గీతలు సరిగా పడవు. ఈ సమస్య ఉన్నవాళ్లు ముందు రెండు రోజులు చేతులకు బాగా క్రీము రాసుకోండి, నాకు అది పనికొచ్చింది. అసలు పత్రం రావడానికి ఏడు వారాలు పట్టింది. ఈలోగా గడువు మించిపోతుందని, దరఖాస్తు చేసిన రసీదు జతపరచి, జరిగింది దాచకుండా రాసి అదనపు సమయం అడిగాను. ఇచ్చారు. గడువు గురించి భయపడి ఏజెంట్ల చేతిలో పడేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి: ముందు అడగండి.

అన్ని దేశాలూ వేలిముద్రలు అడగవు. బ్రిటన్‌లో ఈ పత్రాలిచ్చే ఏక్రో కార్యాలయానికి మామూలుగా గుర్తింపు, చిరునామా రుజువులు సరిపోతాయి. అమెరికాలో ఎఫ్‌బీఐకి మాత్రం వేలిముద్రలు లేనిదే పని జరగదు. కాబట్టి మీకు కావలసిన దేశంలో పద్ధతి ఏమిటో ముందు మీరే చదువుకోండి. అది తెలిస్తే దొంగ మాట వెంటనే పట్టుబడుతుంది. ఉదాహరణకు హాంకాంగ్ పోలీసులు ఈ పత్రాన్ని దరఖాస్తుదారు చేతికి ఇవ్వరు, అడిగిన దేశపు కాన్సులేట్‌కో వలస శాఖకో నేరుగా పంపుతారు. అలాంటప్పుడు హాంకాంగ్ పత్రం మీ వాట్సాప్‌కు పంపుతామన్నవాడు ఇచ్చేది ఏమై ఉంటుంది? జపాన్ పోలీసులు సీలు వేసిన కవరులో ఇస్తారు, అది మనం తెరిస్తే చెల్లదు. అందులో ఏముందో ముందే స్కాన్ చేసి చూపిస్తామంటే అక్కడే ఆగిపోవాలి.

పత్రం అసలుదే అయినా పనికిరాకుండా పోయే దారులూ ఉన్నాయి, వాటిలోనూ ఏజెంట్ల చేయి ఉంటుంది. నాకు తెలిసిన ఒకావిడకు అమెరికాలో రాష్ట్ర పోలీసుల పత్రం తెప్పించి ఇచ్చారు. ఆవిడ దరఖాస్తు చేసింది కెనడాకు, వాళ్లు అడిగేది ఎఫ్‌బీఐ ఇచ్చేది. డబ్బూ పోయింది, నెలలూ పోయాయి. ఇంకొకరి విషయంలో పెళ్లికి ముందున్న ఇంటిపేరుతో పోలీసు రికార్డులు వెతకలేదు. ఇప్పటిదాకా వాడిన పేర్లన్నీ దరఖాస్తులో రాయాలని వాళ్లకు చెప్పిన దిక్కు లేదు.

కాలపరిమితి విషయంలోనూ తొందరపెడతారు. ‘ఇప్పుడే తీసుకోండి, వచ్చే నెల రేటు పెరుగుతుంది’ అంటారు. న్యూజిలాండ్ దరఖాస్తు నాటికి ఆరు నెలల లోపు పత్రం ఉండాలంటుంది, ఆస్ట్రేలియా జారీ అయిన నాటి నుంచి పన్నెండు నెలలు చెల్లుబాటుగా చూస్తుంది. మరీ ముందుగా తీసుకుంటే మళ్లీ తీసుకోవాల్సిందే, మళ్లీ వాళ్లకే కట్టాల్సిందే. కెనడా నియమం ఇంకో రకం. మీరిప్పుడు ఉంటున్న దేశానిదైతే ఆరు నెలలకు మించి పాతది కాకూడదు. వదిలివచ్చిన దేశానిదైతే మీరు చివరిసారి అక్కడ నివసించిన తరువాత జారీ అయి ఉంటే చాలు.

అపోస్టిల్, అంటే మన పత్రం మరో దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ ముద్ర, ఆ పేరుతో గుంజేది వేరే. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఒక్క అపోస్టిల్ ముద్రతో సరిపోతుంది, రాయబార కార్యాలయాల చుట్టూ తిరిగే పని ఉండదు. సౌదీ అరేబియాకు అది 2022 డిసెంబరు నుంచి, కెనడాకు 2024 జనవరి నుంచి వర్తిస్తోంది. అయినా పాత పద్ధతిలో మూడు చోట్ల ముద్రలని చెప్పి మూడు రుసుములు గుంజేవాళ్లు ఉన్నారు. అసలు మీ పత్రానికి ఏ ముద్రైనా కావాలో లేదో, పత్రం అడిగిన కార్యాలయాన్నే రాతపూర్వకంగా అడగండి.

నా డబ్బు తిరిగి రాలేదు. వ్యక్తి ఖాతాకు నేనే బదిలీ చేశాను కాబట్టి బ్యాంకు చేయగలిగింది ఏమీ లేదన్నారు. డబ్బు కంటే నన్ను ఈరోజుకీ వేధిస్తున్నది ఆ తెల్ల కాగితం మీది సంతకం. పాస్‌పోర్టు ప్రతి పేజీ, సంతకం ఎవరి చేతుల్లోనో ఉన్నాయి. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాను, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపాను, నా పేరు మీద కొత్త అప్పులేవైనా పుట్టాయేమోనని నెలనెలా చూసుకుంటున్నాను. ఎక్కడికి పంపినా సరే, పాస్‌పోర్టు నకలు మీద ‘పీసీసీ దరఖాస్తు కోసం మాత్రమే’ అని, తేదీతో సహా అడ్డంగా రాసి పంపండి. అధికారికంగా అలా రాయకూడదని నియమం ఉన్న చోట తప్ప. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరికీ, ఎంత మర్యాదగా అడిగినా, ఇవ్వకండి.

ఇప్పటికే ఇలాంటివాడికి డబ్బు కట్టి పత్రం తీసుకున్నవాళ్లు ఉంటే, అది ఎంత బాగున్నా ఈరోజే జారీ చేసిన శాఖకు నేరుగా రాసి అడగండి. జవాబు వచ్చేదాకా ఎక్కడా సమర్పించకండి. సమర్పించేసి ఉంటే ఆలస్యం చేయకుండా, లైసెన్సు ఉన్న వలస న్యాయవాదిని కలిసి, వాళ్లు కనిపెట్టకముందే మీరే ఎలా తెలియజేయాలో మాట్లాడండి. చాటింగ్, చెల్లింపు రసీదులు, వాడు పంపిన పీడీఎఫ్, కాల్ వివరాలు ఒక్కటీ తొలగించకండి. మోసపోయింది మీరేనని చూపించడానికి మీ దగ్గరున్న ఆధారాలు అవే. నేను కోపంలో ఆ చాటింగ్ సగం చెరిపేశాను. ఫిర్యాదు రాసుకున్న అధికారి మొదట అడిగింది దాని గురించే.