బత్తాయి అంటు కొంటున్నారా? అతుకు చూడనిదే డబ్బు ఇవ్వకండి

విజయనగరం కంటోన్మెంట్ వైపు వీధుల్లో వ్యానులో మొక్కలు తెచ్చి అమ్ముతున్నారు. వారి దగ్గర బత్తాయి కొనాలనుకునేవారు దయచేసి ఇది చదివాకే కొనండి.

ఒక ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో మా పెరట్లోకి అలాంటి మొక్కే వచ్చింది. అమ్మిన మనిషి అంటు మొక్క అన్నాడు, కడియం నర్సరీల సరుకు అన్నాడు, మూడేళ్లలో కాపు అన్నాడు. బిల్లు లేదు, నర్సరీ పేరు లేదు. మా అత్తగారు పశువుల ఎరువు వేసి, ఎండాకాలమంతా పాదు తడి ఆరకుండా చూసుకుని పెంచారు. తీరా కాసినవి మందపాటి గరుకు తొక్క, నిండా గింజలు, నోట పెట్టలేని పులుపు. అది బత్తాయి కాదు, జంబేరి అనే పుల్లటి నిమ్మ జాతి. ఆవిడ అన్నేళ్ల శ్రమ మట్టిపాలైంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

బత్తాయి కన్నును, అంటే కొమ్మ మీద చిగురు మొలిచే మొగ్గను, సాధారణంగా జంబేరి మీదో, రంగపూర్ నిమ్మ మీదో అంటు కడతారు. ఆ కన్ను ఎండిపోతే కింది మొక్క తన చిగుళ్లు తాను వేసుకుని ఏపుగా పెరుగుతుంది. నిజాయితీ ఉన్న నర్సరీ దాన్ని పక్కన పారేస్తుంది. ఇలాంటివారు సంచిలో మట్టి పైదాకా పోసి, మొదలు కప్పేసి అమ్ముతారు.

కాబట్టి ముందు ఆ మట్టి పక్కకు తీయించండి. మొదలుకు జానెడు ఎత్తులో అతుకు, అంటే అంటు కట్టిన చోటు, అక్కడ చిన్న వంపు కనిపించాలి. కొమ్మలు ఆ అతుకు పైనుంచే రావాలి. తర్వాత ఆకు చూడండి. బత్తాయి ఆకు కాడకు రెండు పక్కలా సన్నని రెక్కలు ఉంటాయి, జంబేరికి దాదాపు ఉండవు. జంబేరి లేత చిగురులో, మొగ్గలో ఊదా ఛాయ తెలుస్తుంది. బత్తాయి చిగురు పచ్చన, పువ్వు తెల్లన. మట్టి తీయనివ్వని మనిషి దగ్గర ఎంత చవకైనా కొనవద్దు. నిమ్మ సంగతి వేరు. అది గింజ నుంచి పెంచినా చాలావరకు తల్లి గుణమే వస్తుంది, అతుకు లేనంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు.

అమ్మిన మనిషి ఇంకో మాట కూడా చెప్పాడు: గాలికి కదలకుండా అతుకు దాకా మట్టిలో పూడ్చమని. అది అసలు వినకండి. అతుకు నేలకు పైనే ఉండాలి. అది మట్టిలో తడిగా ఉంటే వానాకాలంలో మొదలుకు బంక తెగులు పట్టి చెట్టే పోవచ్చు.

ఇప్పటికే నాటినవారు ఈ రోజే మొదలు పరిశీలించండి. అతుకు కింద చిగురు వస్తుంటే లేతగా ఉన్నప్పుడే గిల్లేయండి. అతుకు పైన ప్రాణం లేకపోతే ఆ మొక్క తీసేసి, బిల్లు ఇచ్చే నర్సరీ నుంచి మరొకటి తెచ్చుకోండి. వచ్చే తొలకరికి నాటుకోవచ్చు.