రేవు లేని దీవిలో సిరియస్ జాడ

సిడ్నీలో మా ఆఫీసు దగ్గర మక్వారీ ప్లేస్‌లో ఒక పెద్ద ఇనుప లంగరు ఉంది. రెండేళ్లు దాని పక్కనే కూర్చుని లంచ్ బాక్స్ ఖాళీ చేశాను. అది బ్రిటన్ నుంచి మొదటిసారి ఖైదీల్ని సిడ్నీకి తెచ్చిన ఓడల దండులోని సిరియస్‌దని, ఆ ఓడ పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవి దగ్గర బద్దలైందని తెలిశాక, ఆ దీవికే టికెట్ కొన్నాను.

దేశం ఆస్ట్రేలియానే, విమానం మాత్రం ఇంటర్నేషనల్ టెర్మినల్ నుంచి. రెండున్నర గంటలు. దీవిలోని ముఖ్య ఊరు బర్న్ట్ పైన్‌లో వంటగది ఉన్న గది తీసుకున్నాం, అదే మేలైంది. సరుకులన్నీ బయటినుంచి రావాలి కాబట్టి ధరలు మండిపోతున్నాయి. మాలాంటి శాకాహారులకు హోటళ్లలో పెద్దగా ఏమీ దొరకదు. కందిపొడి పట్టుకెళ్లబట్టి బతికిపోయాం. అద్దె కారు తప్పనిసరి. మాకిచ్చినదానికి ఒక అద్దం కిందికి దిగితే మళ్లీ పైకి రాలేదు. రోడ్డు మీద ఆవులదే రాజ్యం.

సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరు కింగ్‌స్టన్‌లో జెట్టీ పక్కన రాతి గోదాంలో ఉన్న మ్యూజియంకి కనీసం రెండు గంటలు కేటాయించండి. 1980లలో గజ ఈతగాళ్లు సముద్రం అడుగునుంచి తీసిన సిరియస్ సామాను అక్కడుంది. 1790 మార్చి 19న సామాను దించడానికి వచ్చిన ఓడను గాలి తీరం దగ్గరి పగడపు దిబ్బ మీదకు నెట్టేసింది. ప్రాణాలన్నీ దక్కాయి. మిగిలిన పశువుల్ని ఒడ్డుకు తోలమని ఇద్దరు ఖైదీల్ని ఓడ మీదకు పంపితే, వాళ్లు రమ్ము పట్టించి ఓడకే నిప్పు పెట్టారట! తిండి చాలక అల్లాడిన దీవి జనాన్ని ఆ ఏడాది మౌంట్ పిట్ కొండ మీద గూళ్లు కట్టుకునే సముద్రపక్షులే బతికించాయి.

ఓడ మునిగిన చోటికి ఈదుదామనుకోకండి. అది దిబ్బకు అవతల, అలలు విరిగే చోట ఉంది. ఇవతల స్లాటర్ బే, ఎమిలీ బేలలో నీళ్లు ప్రశాంతం. పిల్లలకు ఎమిలీ బే నయం. అద్దాల అడుగు పడవ మాత్రం గాలి ఎక్కువుందని రెండు రోజులూ రద్దు. డబ్బు తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది.

అన్నిటికంటే నాకు నచ్చింది టికెట్ లేని దృశ్యం. మేం వెళ్లినప్పుడు కూడా సరుకుల ఓడ ఒడ్డుకు రాలేక దూరంగానే ఆగింది. సరుకుతో నిండిన చిన్న పడవను మోటారు లాంచీ లాక్కొచ్చింది. జెట్టీ కింద అది మనిషెత్తు లేచింది, పడింది. క్రేన్ కొక్కెం రెండుసార్లు గాలిలోనే ఊగింది. మూడో అలకు ఒకాయన టక్కున తగిలించాడు. పైకొచ్చిన మూటలో ఉన్నవి టాయిలెట్ పేపర్లు.