నిషేధమా, విడి బీరువానా?

ప్రేమ, లైంగిక వేధింపులు, ఆత్మహత్య గురించి రాసిన నవలల విషయంలో కడప, అనంతపురం హైస్కూళ్ల ముందు రెండు దారులున్నాయి: లైబ్రరీ నుంచి తీసేయడం, లేదా విడి బీరువాలో పెట్టి చూసి ఇవ్వడం.

నిషేధం సులువు. హెడ్మాస్టరు సంతకం, యాక్సెషన్ రిజిస్టరులో (లైబ్రరీ పుస్తకాల పట్టీలో) ఎర్రగీత, అంతే. కానీ ఫిర్యాదు వచ్చేది ఒక పేజీ మీద, పోయేది పుస్తకం మొత్తం. బాల్యవివాహం మీద రాసిన నవల ఇలాగే పోతే, పదో తరగతిలోనే సంబంధాలు చూస్తున్న ఇంటి పిల్లకు అది అందదు. ఫోన్లో పీడీఎఫ్ దొరికినా, అనుమానం అడగడానికి టీచరు పక్కన ఉండరు.

విడి బీరువాకు పని ఎక్కువే. ఇద్దరు టీచర్లు, వాళ్లలో ఒక మేడమ్, నవలను పూర్తిగా చదవాలి. ఏ తరగతి నుంచి ఇవ్వొచ్చో లోపలి అట్ట మీద రాయాలి; బయట ఎర్ర స్టిక్కరు అంటిస్తే పిల్లలు దాన్నే వెతుక్కుంటారు. ఇంటికి ఇచ్చేటప్పుడు తల్లిదండ్రుల సంతకం సరే. అయితే బాధ ఇంట్లోనే ఉన్న పిల్లకు ఆ సంతకం రాదు. అందుకే లైబ్రరీ పీరియడులో సంతకం లేకుండా చదవనివ్వాలి. చివరి అట్ట మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు అంటించాలి. చదివాక పిల్ల తనపై జరిగిన లైంగిక వేధింపు చెప్పుకుంటే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం టీచరు దాన్ని పోలీసులకు తెలియజేసి తీరాలి.

కేవలం రెచ్చగొట్టడానికి రాసినవి ఏ బీరువాలోనూ వద్దు. మిగతావాటికి విడి బీరువానే మేలు, చదివే టీచర్లుంటేనే.