అలసిన జో, అలిగిన బావగారు

వాషింగ్టన్‌లో మేము ఉన్నది రెండే రాత్రులు. ఆ రెండు రాత్రుల హోటలు బిల్లును బావగారు ఇప్పటికీ పర్సులో భద్రంగా దాచుకున్నారు. గది అద్దె రోజుకు 179 డాలర్లని చూసి ఆ హోటలు ఖాయం చేసింది నేనే కనుక నింద కూడా నాదే. రిచ్‌మండ్ నుంచి అక్కా బావగార్లతో కలిసి కారులో దిగేసరికి, రోజుకు 32 డాలర్ల సదుపాయాల రుసుము విడిగా ఉంటుందని, కారును తమ మనిషికే అప్పగించాలని, అందుకు రాత్రికి 58 డాలర్లని కౌంటరులోని అమ్మాయి చిరునవ్వు చెదరకుండా చెప్పింది. సదుపాయాలేమిటని బావగారు అడిగితే, రోజుకు రెండు మంచినీళ్ల సీసాలు, ఒక వ్యాయామశాల అని తేలింది. ఆ వ్యాయామశాలకు మరమ్మతుల పేరిట తాళం వేసి ఉంది. 358 డాలర్ల అద్దె మీద 180 డాలర్లు ఇలా పెరిగాయి, పన్ను వేరు. అక్క కట్టి తెచ్చిన పులిహోరను కూడా ఆ రాత్రి ఆయన ముట్టలేదు.

ఇంత ఖర్చుకు దిగింది అరచేతి కంటే కాస్త పెద్దదైన ఒక కాగితం కోసం. అమెరికన్ చిత్రకారుడు జేమ్స్ మెక్‌నీల్ విస్లర్ 1863లో గీసిన ‘వియరీ’ (అలసిన స్త్రీ) అనే డ్రైపాయింట్, అంటే రేకు మీద గీసి కాగితం మీద అచ్చు వేసిన చిత్రం, అది. అక్కడి నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఇటువంటి ముద్రణ చిత్రాలను అడిగి చూసే గది ఒకటి ఉంది; ముందుగా రాసి సమయం తీసుకోవాలి. నేను నెల ముందే రాశాను. చేతులు కడుక్కోమన్నారు, పెన్ను బయట పెట్టి పెన్సిలు తీసుకోమన్నారు, అంతే. ఒక్క డాలరు అడగలేదు.

డ్రైపాయింట్‌లో ఆమ్లంతో పని లేదు. రాగి రేకు మీద పదునైన సూదితో నేరుగా గీస్తారు. నాగలి చాలుకు పక్కన మట్టి లేచినట్టు గీత పక్కన రాగి లేస్తుంది. సిరా ఆ గరుకులో చిక్కుకుని, అచ్చు వేసినప్పుడు గీత మఖమలులా మసకగా దిగుతుంది. ఆ గరుకు కొద్ది అచ్చులకే నలిగిపోతుంది కాబట్టి తొలి ప్రతులకే విలువ ఎక్కువ. ఇదంతా నాకు చదువుకున్న సంగతే, కాని భూతద్దం పెట్టి చూసినప్పుడే నిజంగా తెలిసింది. కుర్చీలో వెనక్కి వాలినది విస్లర్ చిత్రాలకు నమూనాగా నిలిచిన జోవానా హిఫర్నన్, ముద్దుగా జో. ఆమె తల చుట్టూ పరచుకున్న జుట్టులో సిరా నూగులా నిలిచి ఉండగా, లంగా మాత్రం నాలుగు పొడవాటి గీతలతో తేలిపోయింది. చిత్రకారుడికి ఆ ముఖం తప్ప మరేదీ పట్టలేదు.

అదే గ్యాలరీలో అంతకుముందే విస్లర్ తైలవర్ణ చిత్రం ‘సింఫనీ ఇన్ వైట్’ చూశాము. అందులోనూ ఆ ఐరిష్ యువతే, తెల్లటి గౌనులో, నిలువెత్తుగా ఉన్నది. 1862లో లండన్‌లోని రాయల్ అకాడమీ తిరస్కరించిన ఆ చిత్రం మరుసటి ఏడాది ప్యారిస్‌లో, అధికారిక ప్రదర్శన కాదన్న చిత్రాలకు విడిగా పెట్టిన తిరస్కృతుల ప్రదర్శనకు ఎక్కింది. పెద్దది కదా అని అందరూ దాని ముందే ఫోటోలు దిగుతారు. నన్నడిగితే ఆమె మనసు ఉన్నది చిన్న కాగితంలోనే.

అక్క ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, “ఇంటెడు చాకిరీ చేసి ఇప్పుడే కూలబడ్డట్టుందే” అంది. బావగారు మాత్రం, “దీనికి సదుపాయాల రుసుము లేదా?” అని తెలుగులోనే గట్టిగా అడిగారు. అక్క ఆయన మోచేతిని గిల్లింది. అయినా భూతద్దం మొదట అందుకున్నదీ, చివర వదిలినదీ ఆయనే.

వెళ్లదలచినవారు నగరం నడిబొడ్డున దిగకండి. పొటోమాక్ నదికి అవతల ఆర్లింగ్టన్‌లో బస చేసి, క్రిస్టల్ సిటీలో పసుపు లైను మెట్రో ఎక్కితే, గ్యాలరీకి దగ్గరలోని ఆర్కైవ్స్ స్టేషనులో దిగవచ్చు. ఎక్కడ దిగినా, డబ్బు కట్టకముందే పన్నులతో, రుసుములతో కలిపి మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

గది ఖాళీ చేసిన ఉదయం బావగారు నాలుగు నీళ్ల సీసాలనూ సంచిలో పెట్టుకున్నారు. ఒక్కొక్కటి 16 డాలర్లు పడిందని లెక్కకట్టి, రిచ్‌మండ్ చేరేదాకా ఎవరినీ మూత తియ్యనివ్వలేదు.